బ్రూజ్‌కు నమూనా పర్యటన

ఏటిపర్రు పురపాలక సంఘం తరఫున ఆరుగురు సభ్యుల బృందం యూరప్‌లో ఉన్న బ్రూజ్ నగరానికి మూడు రాత్రులు, నాలుగు పగళ్లు అధ్యయన పర్యటనకు వెళ్లాలని కౌన్సిల్ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఏటిపర్రుకూ బ్రూజ్‌కూ పోలిక ఉంది. రెండు ఊళ్ల నడిమధ్య నుంచీ కాలువ పోతుంది. కాకపోతే అక్కడిది కనపడుతుంది, ఇక్కడిది కనపడదు. ఇరవై ఏళ్లుగా దాని మీద గుర్రపుడెక్క ఎంత దట్టంగా పెరిగిందంటే, బదిలీ మీద కొత్తగా వచ్చిన కమిషనరు త్రివిక్రమరావు గారు మొదటివారం దాన్ని పార్కు అనుకుని, మధ్యలో నాలుగు సిమెంటు బెంచీలు వేయించమని నోటు పెట్టారు. కిందున్నది కాలువని తెలిశాక కూడా ఆయన నోటు వెనక్కి తీసుకోలేదు. బెంచీలు గట్టు మీద వేయించారు.

తీర్మానాన్ని పుస్తకంలోకి ఎక్కించింది సీనియర్ అసిస్టెంట్ పేరిందేవి. బ్రూజ్ అన్న మాట దగ్గర ఆవిడ పెన్ను ఆగింది. వాళ్లింట్లో సూదీదారాలు వేసుకునే పాత బిస్కెట్ల డబ్బా ఒకటుంది. వాళ్ల నాన్న ఊరవతల కాలువ లాకుల దగ్గర పనిచేసే రోజుల్లో లాంచీ నడిపే సరంగు ఎవరో ఇచ్చిపోయాడు. మూత మీద ఇటుకరంగు ఇళ్లు, వంపు తిరిగిన రాతివంతెన, కింద కాలువ, కాలువలో రెండు హంసలు. ఇళ్ల కప్పుల మీద రంగు లేచిపోయి తెల్లబడింది. బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఊరి పేరు. గుండీ ఊడినా, జాకెట్టు చిరిగినా, సూది తీసేముందు ఆ మూత వంక ఓ నిమిషం చూడందే ఆవిడకి తోచదు. ఒక్కసారి ఆ వంతెన కిందనుంచి పడవలో పోవాలని కోరిక. జూన్ ముప్ఫైన రిటైర్మెంటు. ఆ లోపల వెళ్తే వెళ్లినట్టు, లేకపోతే లేదు.

జాబితాలోకి ఆవిడ పేరు ఎక్కడమే ఓ వింత. అంతకు ముందు ఏడాది వేరే ఊరి బృందం ఒకటి ఇలాగే విదేశం వెళ్లి, నాలుగు రోజులూ ఎయిర్‌పోర్టులోనే తిరిగి, అదే నగరమనుకుని, పారిశుద్ధ్యం అద్భుతంగా ఉందని నివేదిక ఇచ్చిందట. దాంతో పైనుంచి సర్క్యులర్ వచ్చింది. విదేశీ పర్యటనకు వెళ్లు ప్రతి బృందము, బయలుదేరుటకు ముందు సదరు పర్యటనను స్వస్థలములోనే యథాతథముగా ఒకసారి నిర్వహించి, ఎట్టి లోపములు లేవని ధ్రువీకరణ పత్రము సమర్పించవలెను. తొమ్మిదో నిబంధన ప్రకారం ఆ పత్రం మీద సంతకం పెట్టాల్సింది బృందంలో అందరికన్నా కిందిస్థాయి సభ్యుడు. పైవారెవరూ అతని మీద ఒత్తిడి తేరాదు. అందుకని కింది స్థాయి మనిషి ఒకరు అవసరమయ్యారు. ఛైర్మను, కమిషనరు, ఇంజనీరు, ఇద్దరు కౌన్సిలర్లు ఎలాగూ ఉన్నారు. ఆరో పేరు పేరిందేవిది.

"సర్క్యులర్ స్ఫూర్తిని మనం అక్షరాలా పాటిద్దాం," అన్నారు కమిషనరు గారు తన గదిలో సమావేశం పెట్టి. "యథాతథం అన్నారంటే యథాతథమే. పర్యటనా క్రమం ఎవరి దగ్గరుంది?"

పేరిందేవి దగ్గరుంది. పదిరోజులుగా ఇంట్లో అన్నం వండుతూ కూడా ఆవిడ చేస్తున్న పని అదే. మొదటిరోజు దిగగానే పడవ ప్రయాణం. రెండోరోజు పాత చౌకులో గంటస్తంభం ఎక్కడం, మూడువందల అరవయ్యారు మెట్లు, దిగాక కాగితం పొట్లంలో వేడివేడి బంగాళాదుంప వేపుడు. మూడోరోజు హంసల సరస్సు. నాలుగోరోజు తిరుగు ప్రయాణం. చదువుతుంటే ఆవిడ గొంతు ఆఫీసు నోటు చదివినట్టు లేదు.

"మూడొందల అరవయ్యారు మెట్లు మనూళ్లో ఎక్కడున్నాయండీ?" అన్నారు ఛైర్మన్ బుల్లిరాజు గారు.

"వాటర్ ట్యాంకుకి నూట ఇరవై రెండున్నాయండి," అన్నాడు ఇంజనీరు కోదండపాణి. "మూడుసార్లు ఎక్కితే సరిగ్గా సరిపోతుంది." ఆ మాట అన్నందుకు ఆయన తరవాత చాలా బాధపడ్డాడు.

"హంసలు?"

"బాతులున్నాయి సార్."

"రాసుకోండి," అన్నారు కమిషనరు కళ్లు మూసుకుని. "బాతును తాత్కాలిక ప్రాతిపదికన హంసగా పరిగణించుటకు అనుమతించడమైనది. కాలువ?"

అందరూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

"ఉంది సార్," అంది పేరిందేవి. "కిందుంది."

అలా ఏటిపర్రు కాలువలో డెక్క తీయడానికి మోక్షం వచ్చింది. ఇరవై ఏళ్లలో ప్రజలు ఇచ్చిన అర్జీలు నాలుగు బీరువాలు నిండాయి గాని, వాటిలో ఒక్కదాంట్లోనూ బ్రూజ్ పేరు లేదు. అదే తేడా.

తీసిన డెక్కని ఎక్కడ పారేయాలని ఇంజనీరు అడిగాడు. పారేయడమనే మాటకి కమిషనరు గారు ఉలిక్కిపడ్డారు. "పదకొండో నిబంధన చదివారా? నమూనా పర్యటన నిమిత్తము మార్పు చేయబడిన ప్రదేశములను, ధ్రువీకరణ అనంతరము ఏడు దినములలో పూర్వస్థితికి తీసుకురావలెను. అంటే ఎక్కడిది అక్కడ మళ్లీ వేయాలి. అంటే భద్రపరచాలి."

కోదండపాణి పద్ధతి తెలిసిన మనిషి. తీసేముందు డెక్క మందం ప్రతి పదిగజాలకీ కొలిపించాడు. ఫొటోలు తీయించాడు. ఏ వంతెన దగ్గర తీసిందో తెలిసేలా ప్రతి ట్రాక్టరు లోడుకీ రేకుముక్క మీద నంబరు కొట్టించి, రెండు వందల పద్నాలుగు లోడ్లూ మునిసిపల్ స్టేడియంలో వరసగా పోయించాడు. ఎండిపోతే పూర్వస్థితి కాదు గనక పూటకో ట్యాంకరు చొప్పున తడిపే ఏర్పాటు చేశారు. ఆ ఊళ్లో రెండు పూటలా వేళ తప్పకుండా మునిసిపాలిటీ నీళ్లు అందుకున్నది ఒక్క గుర్రపుడెక్కే.

తొమ్మిదోరోజున నీళ్లు కనపడ్డాయి. ఊరు ఊరంతా గట్టు మీదకొచ్చి నిలబడింది. నీళ్లలో ఆకాశం కనపడుతుంటే కింద ఏదో పడిపోయినట్టు జనం వంగి వంగి చూశారు. మర్నాటికి బెంచీల మీద చోటు లేదు.

శుక్రవారం సాయంత్రం ఆటోకి మైకు కట్టి ఊరంతా తిప్పారు. "పురప్రజలకు తెలియజేయునది ఏమనగా, రేపటి నుండి నాలుగు దినములు మీరందరును బ్రూజ్ నగర పౌరులుగా పరిగణింపబడుదురు. అధికారులు ఎదురైనచో ఎక్కడికి బయల్దేరారని గాని, భోంచేశారా అని గాని అడగరాదు."

"మరేటడగాలండీ?" అని ఓ ముసలాయన ఆటోకి అడ్డం వచ్చాడు.

"ఏమీ అడక్కూడదు. అక్కడ అడగరంట."

"పాపం," అన్నాడు ముసలాయన.

జనవరి మూడో శనివారం పర్యటన మొదలైంది. అక్కడి వేళకి అలవాటు పడాలని ఆఫీసు గడియారాలు నాలుగున్నర గంటలు వెనక్కి తిప్పారు. దాంతో ఆఫీసు మధ్యాహ్నం మూడింటికి తెరిచారు. చాలామంది ఉద్యోగులకి తేడా ఏమీ తెలియలేదు. ఆరుగురూ స్వెట్టర్లు, మఫ్లర్లు, చేతి తొడుగులతో ఆఫీసు జీపుల్లో పక్క ఊరి దాకా వెళ్లి, అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి ఏటిపర్రు రైల్వే గేటు దగ్గర దిగారు. గేటు దగ్గర బల్ల వేసుకుని అటెండరు వీరాస్వామి కూచున్నాడు. యాభై దాటిన మనిషి, మిలటరీలో చేరాలనుకుని ఎత్తు చాలక మునిసిపాలిటీలో చేరినవాడు. ఆ రోజుకి అతను ఇమ్మిగ్రేషన్ అధికారి.

"పర్యటన ఉద్దేశం ఏంటండి?" అన్నాడు ఛైర్మను గారి పాస్‌పోర్టు తిరగేస్తూ.

"ఒరే వీరాసామీ, నేన్రా."

"ఎన్నాళ్లుంటారండి?"

"ఎన్నాళ్లుండడమేంట్రా? నేను పుట్టిందే ఇక్కడ."

"తిరిగెళ్లే టిక్కెట్టు చూపించండి."

ఛైర్మను గారి దగ్గర ఏటిపర్రు నుంచి తిరిగి వెళ్లే టిక్కెట్టు లేదు. వీరాస్వామి ఆయన్ని కింద నుంచి పైదాకా చూసి, "ఇక్కడే ఉండిపోయే ఉద్దేశం కనపడతందండి," అని పాస్‌పోర్టు వెనక్కిచ్చేశాడు. బుల్లిరాజు గారు కమిషనరు వంక చూశారు. కమిషనరు గారు వీరాస్వామి విధినిర్వహణను అభినందిస్తూ అప్పటికప్పుడు మెమో రాశారు. మూడుసార్లు గెలిచిన సొంత ఊళ్లోకి ప్రవేశం దొరక్క, ఛైర్మను గారు మొదటిరోజంతా గేటవతల టీకొట్టులో స్వెట్టరుతో కూచున్నారు. ఆదివారం పొద్దున్నే తిరుగు టిక్కెట్టు సంపాదించాకే ఊళ్లో కాలుపెట్టారు.

తిరుగు టిక్కెట్లు ముందే కొనుక్కున్న మిగిలినవాళ్లు పడవెక్కారు. పడవంటే సింహాద్రి దోనె. ఊరవతల మూడువందల బాతుల్ని మేపుకునే మనిషి సింహాద్రి. హంసలుగా పనిచేయడానికి వాటిలో తెల్లవి ఎనభై ఆరింటిని ఎంపిక చేశారు. దోనె కదిలింది. కమిషనరు గారు మఫ్లరు బిగించుకుని, "అత్యంత చారిత్రకమైన వాతావరణం," అన్నారు. ఇంజనీరు అవునని రాసుకున్నాడు.

పేరిందేవి దోనె అంచు మీదకి వంగింది. నీళ్లలో చెయ్యి పెట్టింది. ఎనిమిదేళ్ల పిల్లప్పుడు ఇదే కాలువ మీద నాన్న పక్కన కూచుని పడవలో బడికి వెళ్లేది. ఊరి వంతెన దగ్గరికొచ్చేసరికి తలెత్తి చూసింది. అది రాతివంతెన. వంపు తిరిగిన వంతెన. రోజూ దాని మీదుగా బస్సులో ఆఫీసుకి వెళ్తూ, ఇరవై ఏళ్లుగా దాని కిందభాగం ఎలా ఉంటుందో ఆవిడ మర్చిపోయింది. దోనె చల్లటి నీడలోకి దూరి అటు బయటికి రాగానే బాతులు రెండు ముందుకొచ్చి పక్కపక్కనే ఈదాయి. ఆవిడకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకు ఏడుస్తున్నానో తెలియక మఫ్లరుతో మొహం తుడుచుకుంది.

రెండోరోజు వాటర్ ట్యాంకు. మొదటిసారి ఎక్కేసరికే ఇద్దరు కౌన్సిలర్లూ ఆగిపోయి, బ్రూజ్‌లో ఇంతవరకే వచ్చామని నివేదికలో రాయమన్నారు. కోదండపాణి మూడోసారి డెబ్బయ్యో మెట్టు మీద కూచుండిపోయి, అక్కణ్ణుంచే దృశ్యం బావుందని కబురు పంపాడు. కింద మిరపకాయ బజ్జీల బండి రామాయమ్మ కాగితం పొట్లాల్లో బంగాళాదుంపలు అందించింది. వాటిమీద అక్కడ తెల్లటి సాసేదో వేస్తారని పేరిందేవి కాగితంలో ఉంది గనక కొబ్బరిచట్నీని సాసుగా పరిగణించుటకు అనుమతించారు. ఆ పొట్లాలకి ఊళ్లో ఎంత గిరాకీ వచ్చిందంటే, సాయంత్రానికి రామాయమ్మ బజ్జీలు మానేసింది. మూడోరోజుకి గట్టు మీద టీ బల్లలు వెలిశాయి. జనం కుటుంబాలతో వచ్చి కూచుని, నమూనా నిబంధనల ప్రకారం అధికారుల్ని ఏమీ అడక్కుండా, ఊరికే చూసి నవ్వుకున్నారు. నాలుగోరోజు బృందం జీపుల్లో వెనక్కి వెళ్లిపోయి, పక్క ఊళ్లో స్వెట్టర్లు విప్పి, గేటు దగ్గర మళ్లీ మామూలు మనుషులుగా ఊళ్లోకి వచ్చింది. ఈసారి బుల్లిరాజు గారు వీరాస్వామికి కనపడకుండా రెండో జీపులో వంగి కూచున్నారు.

అన్నీ సవ్యంగా జరిగాయి. వీసాలు వచ్చాయి. ఫిబ్రవరి ఇరవైకి విమానం. మిగిలింది ఒక్క సంతకం.

బుధవారం పొద్దున పేరిందేవి బస్సెక్కకుండా గట్టు వెంట నడిచి బయల్దేరింది. పెట్టె సర్దుకోవడం అయిపోయింది. ఉన్ని స్వెట్టరు, ఊరగాయ సీసా, అన్నిటికన్నా కింద ఆ బిస్కెట్ల రేకుడబ్బా. వంతెన దగ్గర సింహాద్రి బాతుల్ని నీళ్లలోకి దింపుతున్నాడు.

"అమ్మగారండీ, ఇయ్యాల సంతకం ఎడతారంట గదా," అన్నాడు. "స్టేడియం కాడ టాట్టర్లు బారు కట్టేసినయ్యండి. డెక్క మళ్లీ ఏసేత్తారంట, నిజవేనా అండి?"

"రూలుంది సింహాద్రీ."

"తీసిందే ఎయ్యడానికాండి?"

పేరిందేవి సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"మా కోడలు నిన్న పిల్లోడికి ఈత నేర్పిందండి," అన్నాడు సింహాద్రి. "ఆడు ఇప్పుడే మునక్కుండా తేలతన్నాడు. ఇంకో వారం టైవిస్తే గట్టుకి గట్టు ఈదేత్తాడండి. అంతే. ఇంకేం లేదండి."

ఆఫీసులో బల్ల మీద పత్రం సిద్ధంగా ఉంది. చుట్టూ అయిదుగురూ నిలబడి ఉన్నారు. కోదండపాణి మంచి వార్త తెచ్చాడు. పూటపూటా తడపడంతో డెక్క బాగా పిలకలు వేసి, రెండు వందల పద్నాలుగు లోడ్లు నాలుగు వందలు దాటాయి.

"పూర్వస్థితికన్నా మెరుగైన స్థితికి తీసుకువస్తాం," అన్నారు కమిషనరు. "ఊరికి ఎటువంటి నష్టమూ ఉండదు. పెట్టండి పేరిందేవి గారూ."

ఆవిడ పెన్ను తీసింది. డబ్బా మూత మీది వంతెన గుర్తొచ్చింది, దాని కింద తను ఉన్నట్టు ఎన్నిసార్లు ఊహించుకుందో గుర్తొచ్చింది. ఆ ఊహ వదులుకోవాలంటే ఒళ్లంతా నెప్పెట్టినట్టయింది. మరో పక్క నీళ్లలో పిల్లాడు. పత్రం కింద రెండు గడులున్నాయి: లోపములు లేవు, లోపములు కలవు. ముప్ఫై ఆరేళ్లుగా ఇలాంటి కాగితాలు చేతులు మారుస్తున్న మనిషి. ఫైలు ఎలా కదులుతుందో ఎంత తెలుసో, ఎలా కదలదో అంతకన్నా బాగా తెలుసు. రెండో గడిలో టిక్కు పెట్టి, గుండ్రటి అక్షరాలతో రాసింది: హంసలు ఎనిమిది పర్యాయములు పక్క వరిచేలలోనికి పోయినవి. బ్రూజ్ నందు వరిచేలు లేవు.

కమిషనరు గారు రెండుసార్లు చదివారు. "ఏమిటండీ ఇది?"

"లోపం సార్."

"చిన్న విషయం కదండీ."

"ఎట్టి లోపములు అన్నారు సార్. చిన్నవి తప్ప అని లేదు."

"విమానం ఇరవయ్యో తారీకున. మీరూ చూడలేరు కదా ఆ ఊరు. ఆలోచించుకున్నారా?"

"ఆలోచించుకున్నాను సార్," అంది పేరిందేవి. పెన్నుకి మూత పెట్టింది.

ఒత్తిడి తేరాదని తొమ్మిదో నిబంధన చెబుతోంది గనక కమిషనరు గారు ఇంకేమీ అనలేకపోయారు. ఆవిడని బదిలీ చేయించవచ్చు గాని, ధ్రువీకర్తని బదిలీ చేస్తే మొత్తం ఏర్పాట్లు మొదటినుంచీ చేయాలని పదమూడో నిబంధన. అంటే ముందు డెక్క వేసి, తరవాత తీయాలి. లోపము సరిదిద్దబడు వరకు ప్రతి శనివారము పర్యటనను పునరావృతము చేయవలెనని పన్నెండోది. ఆ సర్క్యులర్ రాసినవాడెవడో గాని, దారులన్నీ మూసేసే రాశాడు.

ఆ శనివారం మళ్లీ స్వెట్టర్లు వేసుకున్నారు. పొలాల వైపు వల కట్టారు, బాతులు కదల్లేదు. పేరిందేవి సంతోషించి, రామాయమ్మ బండి దగ్గర కొత్తిమీర వాసన వస్తున్నదని రాసింది. పైవారం ఒక పౌరురాలు కమిషనరు గారిని భోంచేశారా అని అడిగింది. ఆ పైవారం గంటస్తంభం మీద నుంచి తాగునీరు కారింది. విమానం వెళ్లిపోయింది, వీసాల గడువు తీరింది, కొత్త వీసాలకి దరఖాస్తు పెట్టారు. ఏప్రిల్‌లో కాలువలు కట్టేశారు. నీళ్లు లేని కాలువలో దోనె నడవదు, కాబట్టి ఆ రెండు నెలలూ పేరిందేవికి లోపం వెతికే శ్రమ తప్పింది. జూన్‌లో నీళ్లు వదిలేసరికి బుల్లిరాజు గారు శనివారాలు భార్యని కూడా దోనెలోకి తేవడం మొదలుపెట్టారు. అధ్యయనానికేనని చెప్పారు. కోదండపాణి మూడొందల అరవయ్యారు మెట్లూ ఒక్కసారి కూడా ఆగకుండా ఎక్కేస్తున్నాడు. సింహాద్రి మనవడు గట్టుకి గట్టు ఈదేస్తున్నాడు. ఎవరూ బ్రూజ్ ఎప్పుడని అడగడం లేదు. అడుగుతున్నది ఒక్క కమిషనరు గారే.

జూన్ ముప్ఫైన పేరిందేవికి దండ వేశారు. కమిషనరు గారి మొహంలో అయిదు నెలల తరవాత చిరునవ్వు కనపడింది. ధ్రువీకర్త బదిలీ అయితే అన్నీ మొదటినుంచి చేయాలి గాని, పదవీ విరమణ చేస్తే తరవాతి కిందిస్థాయి ఉద్యోగిని నియమిస్తే చాలు. స్టేడియం దగ్గర ట్రాక్టర్లు బారుతీరే ఉన్నాయి.

"బృందంలోకి వచ్చే కొత్త సభ్యుడి పేరు నిన్ననే పెట్టాను సార్," అంది పేరిందేవి. "మీరు సంతకం కూడా చేశారు. అందరికన్నా కింది స్థాయి అన్నారు గనక, అటెండరు వీరాస్వామి."

కమిషనరు గారికి వీరాస్వామి ఇల్లెక్కడో తెలియదు. కాలువ గట్టున, వంతెనకి నాలుగిళ్ల అవతల.

సాయంత్రం వీరాస్వామి ఆవిడ సామాను ఆటో దాకా మోసుకొచ్చాడు. ముక్కుసూటి మనిషి, మనసులో బెంగ పెట్టుకున్నాడు.

"మేడమ్‌గారండీ, ఉన్నదున్నట్టు రాయడం తప్ప నాకింకోటి చేతకాదండి. అంతా బ్రూజులాగే ఉంటే ఏం రాయనండి?"

పేరిందేవి సంచిలోంచి రేకుడబ్బా తీసింది. సూదీదారాలు కొంగులో మూటకట్టుకుని డబ్బా అతని చేతిలో పెట్టింది. పెడుతుంటే చెయ్యి కాస్త వెనకాడింది.

"ఇదే బ్రూజు. దీన్ని చూసి, మన దగ్గర ఏది లేదో అది రాయి."

వీరాస్వామి మూతని వెలుతురుకి ఎత్తి, పాస్‌పోర్టు చూసినట్టు చాలాసేపు చూశాడు. ఇళ్లు చూశాడు, వంతెన చూశాడు, హంసల్ని లెక్కపెట్టాడు. చివరికి పైకప్పుల దగ్గర వేలు పెట్టాడు.

"ఇది మంచు గదండీ?"

పేరిందేవి వంగి చూసింది. యాభై ఏళ్లుగా ఆవిడ దాన్ని రంగు లేచిపోవడం అనుకుంటోంది. రంగు ఎక్కడా పోలేదు. ఇళ్ల మీద తెల్లగా, చక్కగా మంచు కురిసి ఉంది.

"మనూళ్లో మంచు పళ్లేదండి," అన్నాడు వీరాస్వామి నిజాయితీగా.

"పడలేదు," అంది పేరిందేవి, నవ్వు ఆపుకోలేక ఆటో కమ్మీ పట్టుకుని. "రాసుకో. పడేదాకా ప్రతి శనివారం రాసుకో."